మాట బంద్

మా అక్కను ఊరు వెలివేసింది కోడిగుడ్ల కోసం. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. నవ్వేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మొదటిసారి ఫోన్లో విన్నప్పుడు నేను కూడా నవ్వాను. అందుకే ఆ మంటలో సగం నా మీదే.

మాది ఎల్లారెడ్డిలో బస్సు దిగి, షేరింగ్ ఆటోలో పోవాల్సిన ఊరు. ఊరి పేరు రాయను. అక్కను ఆ ఊళ్ళోనే ఇచ్చారు, నన్ను కామారెడ్డిలో ఇచ్చారు. అక్క బీడీలు చుడుతుంది. బావ మస్కట్‌లో ఉంటాడు, పిల్లలు హాస్టళ్ళలో ఉంటారు. నేను కామారెడ్డిలో జాకెట్లు కుట్టి బతుకుతాను. మా ఇద్దరికంటే పెద్దవాడు అన్న. ఆయన కూడా ఆ ఊళ్ళోనే, అక్క ఇంటికి రెండు గల్లీల అవతల ఉంటాడు.

మా దిక్కు ఊళ్ళల్లో సర్పంచి కంటే పైన ఇంకొకటి ఉంటుంది. అందరూ దాన్ని కమిటీ అంటారు. కులానికొక మనిషి చొప్పున కూర్చుంటారు. ఓట్లుండవు, దింపేదీ ఉండదు. గుడికి సున్నం వేయిస్తారు, బోరు చెడిపోతే బాగు చేయిస్తారు, కాదనను. కానీ ఊళ్ళో కల్లు ఎవరమ్మాలి, కోడికూర ఎవరమ్మాలి అన్నది కూడా వాళ్ళే వేలం వేస్తారు. పాట దక్కినవాడు తప్ప ఇంకెవరూ అమ్మకూడదు. ఆ ఏడు కోడికూరతో పాటు గుడ్లను కూడా వేలంలో కలిపారు. అక్కకు పది నాటు కోళ్ళున్నాయి. వేలంపాట సంగతి వాటికి తెలియదు, ఎప్పటిలాగే గుడ్లు పెట్టాయి. అక్క కూడా ఎప్పటిలాగే పక్కింటి బాలింతకు ఆ గుడ్లమ్మింది.

కమిటీ పిలిచి జుర్మానా కట్టమంది. మా అక్క నోరు ఊరుకునే నోరు కాదు.

"నా కోడి గుడ్డు పెడ్తె గూడ మీ పర్మిషన్ తీసుకోవాల్నా?" అని అడిగింది.

అడగవలసిన మాటే. కానీ పదిమంది మగవాళ్ళ మధ్య ఒక ఆడది అడిగింది, పైగా ఒకరిద్దరికి నవ్వు కూడా వచ్చిందట. గుడ్డుకంటే ఆ నవ్వే వాళ్ళకు ఎక్కువ తగిలిందని నా అనుమానం. మరునాడు పొద్దున డప్పు చాటించారు. ఆ ఇంటితో మాట బంద్. ఇచ్చేది బంద్, పుచ్చుకునేది బంద్. మాట్లాడినవాళ్ళు కూడా జుర్మానా కట్టాలి.

మాట బంద్ అంటే ఏమిటో పట్నంలో ఉండేవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. పక్కింటివాళ్ళు మాట్లాడకపోవడం పట్నంలో రోజూ జరిగేదే. ఊళ్ళో అట్లా కాదు. దుకాణంలో ఉప్పు పొట్లం అడిగితే దుకాణం ఆయన నీ వెనకాల ఎవరో ఉన్నట్టు అటు చూస్తాడు. పిండి గిర్నీలో నీ గిన్నె వరుసలో అట్లానే ఉంటుంది, వెనక వచ్చినవాళ్ళ గిన్నెలు ముందుకు పోతాయి. ఆటో నీ ముందు ఆగదు. అన్నిటికంటే పెద్ద దెబ్బ టేకేదారు కొట్టాడు. కంపెనీ తరఫున తునికాకు ఇచ్చి, చుట్టిన బీడీలు తీసుకునేది ఆయనే. ఆయన ఆకు ఇవ్వడం మానేశాడు. ఇరవై ఏళ్ళుగా రోజూ చాట ఒళ్ళో పెట్టుకున్న మనిషి ఖాళీ చేతులతో గడప మీద కూర్చుంది.

ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసి ఊరికే ఉంది. ఏమైంది అక్కా అని అడిగితే, "ఏం గాలేదే. నా గొంతు ఉన్నదా పోయిందా అని చూసుకుంటున్న" అంది.

అప్పుడు నేనేమన్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "నోరు మంచిదైతె ఊరు మంచిదైతదని అమ్మ ఊకె అంటుండె. ఆ జుర్మానా ఏందో కట్టి పడెయ్యరాదు" అన్నాను. అక్క ఫోన్ పెట్టేసింది. ఆ సామెత కట్టినవాడెవడో గానీ వాడికి ఊరి సంగతి తెలియదు. నోరు లేనివాళ్ళ మీదే ఊరు ఎక్కువ ఎక్కి తొక్కుతుంది.

అన్నకు ఫోన్ చేశాను. కమిటీలో మా కులం తరఫున కూర్చునేది ఆయనే.

"నేను ఆ దినం ఊర్లనే లేను చెల్లె. వరికోత మిషన్ కోసం సదాశివనగర్ దిక్కు పోయిన. నేనుంటె గట్ల కానిస్తునా? ఇప్పుడు ఊరంత ఒక్కటైంది, నేనొక్కన్ని ఏం జెయ్యాలె" అన్నాడు.

నమ్మాను. అన్న కదా.

ఉచిత వకీలు సంగతి నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకామె చెప్పింది. ఆమె కామారెడ్డి కోర్టులో పని చేస్తుంది. "ఆడోళ్లకు ముఫత్‌గ వకీలును పెడ్తరు, ఎల్లారెడ్డి కోర్టుల గూడ ఉన్నది, పోయి అడుగు" అంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. సరే, అడుగుదామని అక్కను తీసుకుని ఎల్లారెడ్డి పోయాను.

కోర్టు బయట ఒకాయన టైపు మిషన్ ముందు పెట్టుకుని కూర్చుంటాడు. దరఖాస్తులు రాసిపెడతాడు. గేటు కంటే ముందు ఆయనే తగిలాడు. "ముఫత్ వకీలు గావాల్నంటె ఆదాయం సర్టిఫికెటు ఉండాలె, రేషన్ కార్డు ఉండాలె, మీ ఊరి పెద్దమనుషుల చిట్టీ ఉండాలె" అని వేళ్ళు మడిచి చెప్పాడు. ఊరి పెద్దమనుషుల చిట్టీ! వెలివేసినవాళ్ళ దగ్గరికే పోయి, మేము మీ మీద వకీలును పెట్టుకుంటాం, జర చిట్టీ రాసియ్యండి అని అడగాలన్నమాట. సర్టిఫికెటు కోసం తిరగడంలోనే పదిరోజులు పోయాయి. చివరికి విసుగొచ్చి, ఏమైతే అదైందని లోపలికి పోయి అడిగితే, బల్ల దగ్గర కూర్చున్నాయన, "ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేదమ్మా. ఒక్క దరఖాస్తు చాలు, అది గూడ ఇక్కడ్నే రాసిస్తం" అన్నాడు. బయట ఆయనను తిట్టాలనే వెళ్ళాను. భోజనానికి పోయినట్టున్నాడు, మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. ఆ గుడ్డకు వినిపించేలా తిట్టి వచ్చాను.

మాకిచ్చిన వకీలు ఆడమనిషి. ముప్పై ఏళ్ళుంటాయేమో. నల్లకోటు చేతికి వేసుకుని గబగబా వచ్చింది. నాకు ఆమెను చూడగానే నమ్మకం కలగలేదు. పైసలు తీసుకోకుండా పని చేసే వకీలు ఏపాటి వకీలు అనుకున్నాను. మా బుద్ధి అట్లాంటిది. వేలకు వేలు గుంజితేనే గట్టి వకీలని పేరు.

అక్క అట్లా అనుకోలేదు. ఊరికే పని చేయించుకోవడం ఆమెకు ఇష్టం లేదు. స్టీల్ డబ్బాలో ఊక పోసి, మధ్యలో గుడ్లు పెట్టి, పొరుగూరి దాకా నడిచి, అక్కడెక్కిన ఆటోలో ఒళ్ళో పట్టుకుని తెచ్చింది. మూత తీసి వకీలు ముందు బల్ల మీద పెట్టింది.

"మా ఇంటి కోళ్లయే మేడం. నాటు గుడ్లు."

వకీలు డబ్బాను రెండు వేళ్ళతో మెల్లగా వెనక్కి జరిపింది. "వద్దక్కా, నీ దగ్గర నేనేం తీసుకోను."

అక్క మొహం చూశాను. ఎట్లా రాయాలో తెలియదు. ఆమె మూత పెట్టింది, లేచింది. "నడువే. ఈడ దాక గూడ చాటిండ్రు" అంది నాతో.

ఇరవై కిలోమీటర్లు వచ్చినా తన చేతిది ఎవరూ ముట్టరని అనుకుంది. మూడు నెలలు ఒక్కరూ తన చేతిలోంచి ఏదీ తీసుకోని మనిషి ఇంకేమనుకుంటుంది? నేను కూడా అదే అనుకున్నాను. అక్కంటే బాధలో ఉంది. నాకేమైంది? నా నోరు లేచింది.

"మా అక్క చేతిది ముడ్తె మీకు గూడ జుర్మానా పడ్తదా మేడం? కోర్టుల గూర్చున్నోళ్లకు గూడ ఊరి కమిటీ అంటె భయమేనా?"

పక్క బల్లల వాళ్ళు తల తిప్పి చూశారు. వకీలుకు ముందు ఏమీ అర్థం కాలేదు. దరఖాస్తులో రాసింది ఇంకా చదవలేదు మరి. మమ్మల్ని కూర్చోమని, చదివింది. చదువుతూ ఒకసారి డబ్బా వైపు చూసింది, ఒకసారి అక్క వైపు చూసింది. తరువాత నెమ్మదిగా చెప్పింది. సర్కారు తరఫున పెట్టిన వకీలు కక్షిదారు దగ్గర ఏదీ తీసుకోకూడదట, గుడ్డయినా సరే, రూపాయి అయినా సరే. తీసుకుంటే ఆమెను ఆ పని నుంచి తీసేస్తారట.

చెప్పి, అక్క చంకలో ఉన్న నీళ్ళ సీసా వైపు చెయ్యి చాపింది. "నీళ్లకు ఏ రూలూ లేదు. దూపైతున్నది, జర ఇయ్యి అక్కా" అంది. మూత తీసి సగం సీసా గటగటా తాగింది.

అక్క ఏడ్చింది. మూడు నెలల్లో ఏడవడం నేను అప్పుడే చూశాను. నాకూ ఏడుపొచ్చింది గానీ, అంతకుముందే అంత అరిచి ఉన్నాను కాబట్టి గోడ వైపు తిరిగాను.

"కమిటీ వాళ్లు ఏమన్న రాసిచ్చిండ్రా?" అని అడిగింది వకీలు.

ఆ సంగతి అక్క నాకు చెప్పలేదు. ఒక కాగితం ఉందట. పంచాయితీకి కూర్చునే ముందు కమిటీ ఒక కాగితం రాస్తుంది. పెద్దమనుషులు చెప్పినదానికి కట్టుబడి ఉంటాను, ఠాణకు పోను, కోర్టుకు పోను అని రాసి సంతకం తీసుకుంటారు. కింద తీర్పు రాసి, కమిటీ వాళ్ళంతా సంతకాలు చేసి ముద్ర కొట్టి, ఒక జిరాక్స్ చేతికిస్తారు. అది వాళ్ళ రివాజు. అక్క సంతకం చేసింది. చేసింది కాబట్టి కోర్టు దారి మూసుకుపోయిందనీ, ఆ కాగితం బయట పడితే వకీలు పొమ్మంటుందనీ ఇన్నాళ్ళు దాచింది.

సంచిలోంచి తీసి ఇచ్చింది. వకీలు చదివి, "కోర్టుకు పోను అని ఎవరితోని రాయించుకున్నా అది చెల్లదక్కా" అంది. "వెలి పెట్టినం అని వాళ్లంత వాళ్లే రాసి, ముద్ర గొట్టి మన చేతికిచ్చిండ్రు. ఇంతకంటె సాక్ష్యం ఏం గావాలె?" అని నవ్వబోయి ఆగింది. "కింద ఈ మూల ఏమైంది?"

కింద కుడి మూలన బొటనవేలంత ముక్క లేదు. చింపినట్టు లేదు, కత్తిరించినట్టు ఉంది. వంకర లేకుండా, నీటుగా.

"ఎలుక కొరికింది" అంది అక్క.

"ఎలుకకు కత్తెర యాడికెళ్లి వచ్చిందక్కా?"

నాకు తెలిసిపోయింది. అంత నీటుగా కత్తిరించే చెయ్యి నాకు తెలుసు. చిన్నప్పుడు పక్కన కూర్చుని తునికాకు కత్తిరించడం ఆ చేతిని చూసే నేర్చుకున్నాను. బీడీ కత్తెరతో కోసింది. అక్క చేతిసంచిలోంచి చిన్న తంబాకు డబ్బా తీసింది. అందులో మడతపెట్టిన ముక్క ఉంది. దాని మీద సంతకం ఉంది. పెద్ద పెద్ద అక్షరాలు, కింద ఒక గీత.

మా అన్న సంతకం.

సదాశివనగర్ పోలేదు, మిషన్ కోసం పోలేదు. ఆ రోజు అక్కడే కూర్చున్నాడు. చెల్లెలికి ఉప్పు అమ్మకూడదని, ఆమె చేతి నీళ్ళు తాగకూడదని రాసిన కాగితం కింద పేరు రాసి గీత కూడా గీశాడు. కంచే చేను మేసిందని ఊరికే అనలేదు పెద్దలు. అప్పుడే ఫోన్ తీసి ఆయనను నాలుగు మాటలందామంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"కమిటీల మనోడు ఒక్కడే ఉన్నడు. సంతకం పెట్టకుంటె అన్నకు గూడ మాట బంద్ పెడ్తుండ్రి. కోర్టుల అన్న పేరు తీస్తె మనోళ్లంత నవ్వరా? మిగిలినోళ్ల పేర్లున్నయి గదా, చాలవా మేడం?"

"చాలవక్కా. కోసిన కాగితం పెడ్తె, ఇంకేం కోసి దాచిండ్రని అడుగుతరు. మొత్తం పెడ్తెనే నిలుస్తది" అంది వకీలు. "కానీ పెట్టాల్నా వద్దా అనేది నేను చెప్పను. నువ్వు చెప్పాలె."

నేనైతే ముందే చెప్పేద్దును. నన్నెవరూ అడగలేదు. అక్క ఆ ముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, బీడీ చుట్టినట్టు అటూ ఇటూ తిప్పింది. విప్పింది, మళ్ళీ తిప్పింది. మూడు నెలలు తన గొంతు పోయిందో ఉందో చూసుకున్న మనిషి, ఎదుటివాడి పరువు కోసం అంతసేపు ఆలోచించడం నాకు నచ్చలేదు. చివరికి ముక్కను బల్ల మీద పెట్టి చదును చేసింది.

"అతికియ్యుండ్రి" అంది.

కమిటీకి నోటీసులు పోయాయి. పిలిచిన రోజున అందరూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఎల్లారెడ్డి వచ్చారు. అన్న వెనక వచ్చాడు. మమ్మల్ని చూసి చూడనట్టు చెప్పులు విప్పాడు. జడ్జి గారి ముందు కుర్చీలేశారు. కమిటీ పెద్ద చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు.

"వెలి గిలి ఏం లేదు సార్. ఎవలి ఇంట్ల వాళ్లుంటరు. ఆమె మాకు చెల్లె లెక్క."

చెల్లె లెక్కనట. మూడు నెలల తరువాత అక్క గురించి ఊరి నోట వచ్చిన మొదటి మంచి మాట అది. అదీ ఆమెతో కాదు, జడ్జితో. నా పక్కన వకీలు లేకపోతే అక్కడే లేచి ఉండేదాన్ని. వకీలు అతికించిన కాగితం ముందు పెట్టింది. అది చూడగానే వాళ్ళ మొహాల్లో రంగు మారింది గానీ మాట మారలేదు. ఈ సంతకం నాది కాదన్నాడు పెద్ద. ముద్రలు పట్నంలో ఎవరైనా చేయించుకోవచ్చన్నాడు. తరువాతివాడు కూడా నాది కాదన్నాడు. ఒకరి తరువాత ఒకరు, రేషన్ దుకాణంలో వరుస కదిలినట్టు కదులుతూ, నాది కాదు, నాది కాదు. చివర అన్న వంతు వచ్చింది.

అన్న నేల చూశాడు. "నాది గాదు సార్" అన్నాడు.

గదిలో ఎవరూ అక్కను ఏమీ అడగలేదు. ఆమే మాట్లాడింది. గొంతు పెంచలేదు. ఇంట్లో అన్నం తిన్నావా అని అడిగినట్టే అడిగింది.

"నీది గాదంటవా అన్నా? గా సంతకం నేర్పింది నేనే గదా. నువ్వు దుబాయి పోయేటప్పుడు పాస్‌పోర్టు మీద వేలిముద్ర పెడ్తె సిగ్గయితదంటివి. చాటల జర్దా పరిచి, నీ వేలు వట్టుకొని రాయిచ్చిన. వారం దినాలు రాయిచ్చిన. నీకు జర్దా ఘాటుకు తుమ్ములొస్తుండె. కింద గీత గూడ నేనే పెట్టుమన్న, ఉత్త పేరు బోసిగున్నదని."

మా అన్న బడికి పోలేదు, మేకలకు పోయాడు. అక్క అయిదు దాకా చదివింది. ఇది నాకు తెలుసు. సంతకం సంగతి తెలియదు. నేనప్పుడు చిన్నదాన్ని.

అన్న ఇంకా నేలనే చూస్తున్నాడు. కమిటీ పెద్ద దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. అన్న ఒకసారి ఆయన వైపు చూశాడు, అక్క వైపు చూడలేకపోయాడు.

"నాదే సార్" అన్నాడు. "అందరియి అసలు సంతకాలే. నా ముంగట్నే వెట్టిండ్రు."

మధ్యాహ్నానికి రాజీ కాగితం తయారైంది. వెలి లేదు, జుర్మానా లేదు, ఇకముందు ఎవరి మీదా పెట్టము అని రాసి, ఈసారి జడ్జి గారి ముందు సంతకాలు చేశారు. అంతటితో మా వకీలు ఊరుకోలేదు. "డప్పు గొట్టి పెట్టిండ్రు గదా, డప్పు గొట్టే తియ్యాలె. అది గూడ రాయుండ్రి" అని పట్టుబట్టి రాయించింది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడంటారు. మేము ఏడవలేదు. మాకు ఆ వకీలు కోసం ఖర్చయింది ఆటో కిరాయి ఒక్కటే.

మరునాడు పొద్దున మళ్ళీ డప్పు చాటించారు. పది గంటలకల్లా టేకేదారు మనిషి ఆకు మూట తెచ్చి గడపలో పెట్టాడు. పక్కింటి బాలింత పిల్లను చంకనేసుకుని వచ్చి, ఏం కూర వండినవక్కా అని అడిగింది, నిన్న సాయంత్రం కూడా అడిగిందన్నట్టు. అక్క చెప్పింది. వంకాయ అని చెప్పింది. నేనైతే ఆమె మొహం మీద తలుపు వేసేదాన్ని. ఆ గుడ్లు తిన్నది ఆమే, అందరికంటే ముందు మాట మానేసింది కూడా ఆమే.

అన్నతో కూడా అక్క మాట్లాడుతున్నది. కూర గిన్నె పంపుతున్నది, వదిన గిన్నె తిరిగి పంపుతున్నది. నేను మాట్లాడను. ఆయన ఫోన్ చేస్తే ఎత్తను.

పోయిన నెల ఊరికి పోయాను. నేనొచ్చానని తెలిసి అన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఎప్పుడొచ్చినవ్ చెల్లె?" అని అడిగాడు. నేను దుకాణం ఆయన చూసినట్టు ఆయన వెనక వైపు చూసి, లోపలికి వచ్చేశాను. అక్క నా వెనకాలే వచ్చింది.

"ఏందే, నువ్వు గూడ మాట బంద్ పెట్టినవా?"

"ఆయన నీకు చేసింది మర్సిపోయినవా అక్కా?"

"మర్సిపోలే. అన్న ఊరికి భయపడి చేసిండు. నీకెవల భయమున్నదని చేస్తున్నవే?"

అక్క నా జవాబు కోసం ఆగలేదు, నీళ్ళ చెంబు తీసుకుని బయటికి పోయి అన్న చేతికిచ్చింది. నేను ఇంకా లోపలే నిలబడి ఉన్నాను.